వదిలితేనే గేటు తెరుచుకుంటుంది: సీపీ చేతి ఆట, వీల్‌చైర్ సీటు ప్రాజెక్టు డైరీ

ముందు ప్రాజెక్టు ఏంటో చెప్పేసి డైరీలోకి వెళ్తా. నేను ఫిజియోథెరపిస్టుని, విజయవాడలో సూర్యారావుపేట వైపు ఒక సెంటర్లో పొద్దున పూట పేషెంట్లని చూస్తా, మధ్యాహ్నం నుంచి పీహెచ్‌డీ పని. చేస్తున్నవి రెండు వస్తువులు. ఒకటి సెరిబ్రల్ పాల్సీ (సీపీ, అంటే చిన్నప్పుడే మెదడుకి తగిలిన దెబ్బ వల్ల ఒంటి కదలిక పట్టుతప్పడం) ఉన్న పిల్లల మణికట్టు కోసం ఒక ఆట, ముంజేతి మీద సెన్సార్లు అంటించి కండరం ఇచ్చే సిగ్నల్‌తో ఆడేది. రెండోది వెన్నుపాము దెబ్బతిని వీల్‌చైర్‌లో ఉండేవాళ్ళ కోసం సీటులో పరిచే పల్చటి షీటు, ఎంతసేపట్నుంచి కదలకుండా కూర్చున్నారో చూసి గుర్తు చేసేది.

"ఈ రెండిటికీ పొంతనేంటమ్మా" అని గైడ్ గారు మొదట్లోనే అడిగారు. నా లెక్క ఒకటే. రెండు చోట్లా కొలవాల్సింది ఎంత గట్టిగా చేశారు అని కాదు, ఎంత బాగా వదిలారు, ఎంతసేపు వదిలారు అని. నేను చూసిన బయోఫీడ్‌బ్యాక్ ఆటలు, అంటే మన ఒంటి సిగ్నల్‌ని మనకే తెర మీద చూపించి ఆడించేవి, చాలావరకు బలానికే పాయింట్లు ఇస్తాయి, ఎంత బిగిస్తే అంత స్కోరు. సీపీ పిల్లాడికి బిగించడం ఎవరూ నేర్పక్కర్లేదండీ, వాడి తంటా అంతా వదలడంతోనే.

మార్చి, బోర్డు

గవర్నర్‌పేట షాపుల్లో కొన్నవి కొన్ని, ఆన్‌లైన్‌లో తెప్పించినవి కొన్ని. మా దగ్గర ఇంటర్న్‌షిప్ చేస్తున్న ఈసీఈ కుర్రాడు ముందు ఏడీ8232 మాడ్యూల్ పట్టుకొచ్చాడు, చవగ్గా దొరుకుతుంది, దాంతో కండరం సిగ్నల్ తీసే వీడియోలు కూడా చాలా ఉన్నాయి. కానీ అది గుండె సిగ్నల్ కోసం తయారైన చిప్పు, ఆ మాడ్యూల్ మీద ఉన్న ఫిల్టర్ సుమారు 40 హెర్ట్జ్ దాటినదాన్ని కోసేస్తుంది. కండరం సిగ్నల్ చూస్తేనేమో 20 నుంచి 450 హెర్ట్జ్ దాకా పరుచుకుని ఉంటుంది, అందులో సత్తా ఎక్కువగా 50 నుంచి 150 మధ్యే. అంటే పనికొచ్చేది కోసేసి మిగిలిన తుక్కుని మనం చూస్తూ కూర్చోవాలన్నమాట. దాన్ని పక్కన పెట్టి ఐఎన్ఏ128 యాంప్లిఫయర్‌తో రెండు ఛానెళ్ళు సొంతంగా కట్టాం. ఒక ఛానెల్ మణికట్టుని పైకి లేపే కండరానికి, ఇంకోటి కిందికి వంచే కండరానికి. ఇవి కాక ఇంకో ఎలక్ట్రోడ్ మోచేతి ఎముక మీద, అది గ్రౌండ్.

ప్రాసెసర్ ఈఎస్పీ32. ఇది వాడేవాళ్ళకి ఒక మాట: సిగ్నల్‌ని అంకెలుగా మార్చే భాగాన్ని ఏడీసీ అంటారు, వైఫై ఆన్‌లో ఉంటే ఏడీసీ2 పిన్నులు పనిచెయ్యవు, సిగ్నల్ ఏడీసీ1 పిన్నులకే ఇవ్వండి. పైగా దాని ఏడీసీ రెండు చివర్లా వంకరగా చదువుతుంది, అందుకని సిగ్నల్‌ని మధ్యలో 1.65 వోల్టుల చుట్టూ తిరిగేలా పెట్టుకున్నాం. సెకనుకి 1000 శాంపిల్స్ తీసి, కింది సగాన్ని పైకి తిప్పి, 100 మిల్లీసెకన్ల సగటు తీస్తే వచ్చే గీతే మా ఆటకి జాయ్‌స్టిక్. కుర్రాడు గీత నున్నగా రావాలని 300 పెట్టాడు. చూడ్డానికి బాగానే ఉంది గానీ చెయ్యి ఎత్తాక బొమ్మ కదలడం లేటవుతుంది, పెద్దాళ్ళం పట్టించుకోం, పిల్లలు వెంటనే "ఇది స్లో" అనేస్తారు.

ఇంకొకటి, ఇది మాత్రం బేరం లేదు. మనిషికి వైర్లు అంటించాక కరెంటు ప్లగ్గుకి తగిలేది ఏదీ ఆ సర్క్యూట్లో ఉండకూడదు. బోర్డు బ్యాటరీ మీద, ట్యాబ్‌కి డేటా బ్లూటూత్‌లో. ఛార్జింగ్ పెట్టి ఉంటే అసలు ఆన్ అవ్వకుండానే చేయించా, ఇళ్ళకి వెళ్ళే వస్తువు కదా.

ఏప్రిల్, హమ్

వారం మొత్తం ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ గోలతో కుస్తీ. ట్యూబ్‌లైటు, ఏసీ, పక్క గదిలో నొప్పికి కరెంటు పెట్టే ఐఎఫ్‌టీ మిషను, అన్నీ చేతిలోకే వచ్చి పడుతున్నాయి. కోడ్‌లో 50 దగ్గర నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్కచోటే కోసేది) పెడితే సగం పోయింది. అంతలో కరెంటు పోయి ఇన్వర్టర్ ఎక్కింది, గీత మళ్ళీ గోలగోల. మా ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం, అది 50తో ఆగదు, 150, 250, 350 దగ్గర కూడా పొడుస్తుంది, అవన్నీ సరిగ్గా కండరం సిగ్నల్ ఉండే చోటే. అక్కడ ఫిల్టర్లు పెట్టుకుంటూ పోతే చివరికి సిగ్నలే మిగలదు. అసలు మందు ఫిల్టర్‌లో లేదు, చర్మం దగ్గరుంది: స్పిరిట్ దూదితో బాగా రుద్ది ఆరనివ్వడం, వైర్లు పొట్టివి చేసి రెండూ మెలితిప్పడం, యాంప్లిఫయర్‌ని టేబుల్ మీద కాకుండా చేతి పట్టీ మీదే పెట్టడం. ఇవి చేశాక ఇన్వర్టర్ మీద కూడా ఆడుకోగలుగుతున్నాం.

తర్వాత తలనొప్పి చిన్న చేతులు. సెనియామ్ అని యూరప్ వాళ్ళ పద్ధతి ఒకటుంది, దాని ప్రకారం రెండు ఎలక్ట్రోడ్ల మధ్య 20 మిల్లీమీటర్లు ఉండాలి. పెద్దాళ్ళకి సరే. ఎనిమిదేళ్ళ పిల్లాడి ముంజెయ్యి నా గుప్పిట్లో పట్టేస్తుంది, పై కండరం మీద పెట్టినదానికి కింది కండరం సిగ్నల్ కూడా వినబడుతుంది. ఎలక్ట్రోడ్ల అంచులు కత్తిరించి దగ్గరికి జరిపాం. ఆ తర్వాత ప్రతి పిల్లాడికీ ఆటకి ముందు ఒక పరీక్ష, నేను చేతిని పట్టుకుని ఉండగా కిందికి మాత్రమే నొక్కమంటా, అప్పుడు పై ఛానెల్లో ఎంత వస్తుందో అది దొంగ సిగ్నల్, దాన్ని లెక్కలోంచి తీసేస్తాం.

మే

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మా ఎలక్ట్రోడ్లు చైత్రంలోనే ఊడిపోయాయి, ఇంక మే సంగతి చెప్పేదేముంది. చెమటకి జిగురు నిలవడం లేదు. పరిష్కారం మాకు తట్టలేదు, సింగ్‌నగర్ నుంచి వచ్చే పిల్లాడి వాళ్ళమ్మకి తట్టింది. ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడతారు. మేం టేపులు చుడుతుంటే చూసి చూసి, "ఇటివ్వండి మేడం, కొలతలు తీసుకుంటా" అని మర్నాటికి కాటన్ లైనింగ్‌తో ఒక చేతి పట్టీ కుట్టుకొచ్చారు. ఎలక్ట్రోడ్ బొడిపెలు బయటికి రావడానికి కాజాలు, బిగించుకోడానికి వెల్క్రో, పిల్లాడు పెరిగితే విప్పుకోడానికి లోపల మడత కూడా వదిలారు. ఇప్పుడు అందరికీ అవే పట్టీలు, కుట్టుకూలి ప్రాజెక్టు ఖాతాలోంచి ఇస్తున్నాం.

ఇదే నెలలో ఒక సంఘటన, వెన్నుపాము పేషెంట్లతో పనిచేసే ఎవరికైనా ఉపయోగం కాబట్టి వివరంగా రాస్తున్నా. తెనాలి దగ్గర నుంచి ఒక అబ్బాయి వస్తాడు, సీ6 దెబ్బ, అంటే మెడలో ఆరో లెవెల్ దగ్గర. చేతి సెన్సార్ ట్రై చేద్దామని కూర్చోబెట్టాం. కాసేపటికి "అక్కా, తల పగిలిపోతోంది" అన్నాడు. మొహం ఎర్రబడింది, నుదుటి మీద చెమట్లు, చేతులు చూస్తే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. బీపీ చూస్తే 160 మీదుంది. ఆ అబ్బాయికి మామూలుగా ఉండేది 100 చుట్టూ, ఇలాంటి దెబ్బ ఉన్నవాళ్ళకి బీపీ సాధారణంగా తక్కువే ఉంటుంది, దానికి 20, 40 పెరిగినా ప్రమాదమే. దీన్ని ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు, డీ6 (వీపులో ఆరో లెవెల్), ఆపైన దెబ్బ ఉన్నవాళ్ళకి వస్తుంది. కింద ఒంట్లో ఎక్కడో ఏదో ఇబ్బంది ఉంటుంది, ఆ కబురు మెదడుకి చేరదు, కానీ రక్తనాళాలు మాత్రం బిగుసుకుపోతాయి. పడుకోబెట్టకూడదు, నిటారుగా కూర్చోబెట్టాలి, బెల్టు, బూట్లు వదులు చెయ్యాలి, తర్వాత కారణం వెతకాలి, ముందుగా యూరిన్. చూస్తే తొడ కింద కెథటర్ ట్యూబు మడతపడి ఉంది. సరిచెయ్యగానే బ్యాగు నిండటం మొదలైంది, కొద్ది నిమిషాల్లో తలనొప్పి దిగింది. తగ్గకపోయి ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే, ఫిట్స్ దాకా, బ్రెయిన్ స్ట్రోక్ దాకా వెళ్ళొచ్చు. ఇప్పుడు సెషన్ మొదలుపెట్టే ముందు మా చెక్‌లిస్టులో మొదటి గీత "ట్యూబు చూడు". ఇంకా ఈ లెవెల్ వాళ్ళకి దెబ్బ కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒళ్ళు చల్లబడదు, అందుకని వేసవిలో నీళ్ళు కొట్టే స్ప్రే సీసా, తడి తువ్వాలు పక్కనే ఉంచుతున్నాం.

అదే అబ్బాయి చెయ్యి గురించి ఒక ముక్క. సీ6 వాళ్ళకి వేళ్ళు ముడిచే శక్తి ఉండదు గానీ మణికట్టు పైకి లేస్తుంది. మణికట్టు లేపినప్పుడు వేళ్ళకి అరచేతి వైపున్న నరాల్లాంటి తాళ్ళు వాటంతటవే లాగబడి వేళ్ళు ముడుచుకుంటాయి, దాంతో గ్లాసు పట్టుకోవచ్చు, స్పూను పట్టుకోవచ్చు. దీన్ని టెనోడీసిస్ అంటాం. కాబట్టి ఈ వేళ్ళని ఎవరూ అతిగా సాగదీయకూడదు, కాస్త బిగుతు ఉండనివ్వాలి. ఇంటి దగ్గర ప్రేమకొద్దీ వేళ్ళు పూర్తిగా చాపి, మణికట్టు కూడా వెనక్కి వంచి నూనె మాలీష్ చేస్తుంటారు, ఆ పట్టు కాస్తా పోతుంది. వదలాలి వదలాలి అని నేను ఇంత చెప్తున్నా గానీ, ఇక్కడ మాత్రం ఆ బిగుతే వాళ్ళ ఆస్తి.

జూన్, గేట్లు

బళ్ళు తెరిచారు, సింగ్‌నగర్ పిల్లాడు ఇప్పుడు సాయంత్రం వస్తున్నాడు. పుట్టగానే ఏడవలేదంట, కొన్ని రోజులు అద్దాల పెట్టెలో పెట్టారంట, ఈ కథ మా సెంటర్లో రోజూ వింటాం. కుడివైపు హెమీప్లీజియా, అంటే ఒంట్లో ఆ ఒక్క పక్కే పట్టు తక్కువ. నడుస్తాడు, పరిగెడతాడు, కుడి చెయ్యి మాత్రం మోచేతి దగ్గర మడిచి, మణికట్టు కిందికి వంచి, బొటనవేలు గుప్పిట్లో దాచుకుని ఉంటుంది. ఎడం చేత్తో తింటాడు, దానికి వాళ్ళ నానమ్మ గారికి రోజూ బాధే. "వాడి ఎడం చెయ్యే వాడికి కుడి చెయ్యి అనుకోండమ్మా" అని చెప్పా, ఊ కొట్టారు గానీ ఒప్పుకున్నట్టు లేదు.

సీపీలో మెదడుకి తగిలిన దెబ్బ పెరగదు. కానీ పిల్లాడు పెరుగుతాడు, ఎముక సాగుతుంది, బిగుసుకున్న కండరం దాంతోపాటు సాగలేదు, అందుకే చిన్నప్పుడు మెత్తగా ఉన్న మణికట్టు పదేళ్ళకి గట్టిపడుతుంది. ఈ బిగుసుకుపోవడాన్నే స్పాస్టిసిటీ అంటాం, దానికి ఒక లక్షణం ఉంది, నెమ్మదిగా లాగితే కండరం వస్తుంది, వేగంగా లాగితే తిరగబడుతుంది. ఇక పట్టు సంగతి, మీరే చేసి చూడండి: మణికట్టుని కిందికి పూర్తిగా వంచి, అలాగే ఉంచి పిడికిలి బిగించండి. బిగియదు. అంటే ఈ పిల్లాడికి పట్టు లేనిది వేళ్ళల్లో బలం లేక మాత్రమే కాదు, మణికట్టు లేవక. అది లేపుదామని ప్రయత్నిస్తే కింది కండరం కూడా అదే సమయానికి బిగుసుకుంటుంది, రెండూ ఒకదాన్నొకటి లాగి చెయ్యి ఎక్కడిదక్కడే వణుకుతూ నిలబడిపోతుంది.

అందుకని మా ఆటలో నియమం ఇది. పై కండరం లేవాలి, అదే సమయంలో కింది కండరం నిశ్శబ్దంగా ఉండాలి, రెండిటి నిష్పత్తి మీదే పాయింటు. సియాటిల్‌లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చెట్ మోరిట్జ్ వాళ్ళ బృందం 2013లో ఇలాంటి ఆటతో సీపీ పిల్లల మణికట్టు మీద చేసిన పని ప్రచురించారు, మూల ఆలోచన అక్కడిదే. మేం కలిపింది రెండో నియమం: ఒకసారి లేపాక రెండు కండరాలూ పూర్తిగా దిగితే గానీ తర్వాతది లెక్కలోకి రాదు.

మొదట కుర్రాడు బెలూను ఎగిరే ఆట చేశాడు. పిల్లాడు రెండు రోజులు ఆడి మొహం తిప్పేశాడు. ఏం ఆట కావాలి నాన్నా అంటే "బ్యారేజీ గేట్లు" అన్నాడు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచినప్పుడు వీళ్ళు మేడ మీద ఉన్నవాళ్ళు, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, టీవీలో గేట్లు, వాటికి అడ్డంపడ్డ బోట్లు, అవన్నీ వాడి బుర్రలో అలాగే ఉన్నాయి. సరే అని 70 గేట్లు గీయించాం. మణికట్టు లేపితే ఒక గేటు లేస్తుంది, నీళ్ళు దూకుతాయి. కింది కండరం అడ్డం వస్తే బోటు వచ్చి గేటుకి తగులుకుంటుంది, చెయ్యి వదిలితేనే బోటు కదిలి వెళ్ళిపోతుంది. ఆ బోటు ఐడియా వాడిదే, మాది కాదు. ఆటకి వీడియో గేమ్ కంపెనీ తెలివి ఏమీ అక్కర్లేకుండా 70 సార్లు మణికట్టు లేపడం అయిపోతోంది, అదీ "ఇంకా పదే ఉన్నాయి అక్కా ఉండు" అంటూ.

నేను చూసే నంబరు స్కోరు కాదు. గేటు లేచాక కింది కండరం సిగ్నల్ సగానికి దిగడానికి ఎంతసేపు పడుతోంది అనేది. మొదట్లో వాడు ఊరుకున్నా చెయ్యి ఊరుకునేది కాదు, ట్యాబ్‌లో గీత అలా పైనే వేలాడుతూ ఉండేది, వాడే దాన్ని చూసి "దిగు దిగు" అని తిట్టేవాడు. ఇప్పుడు అది కళ్ళకి తెలిసేంత తొందరగా దిగుతోంది. ఒక్క పిల్లాడి గీత చూసి ఏదీ తేల్చకూడదు, ఆ మాట నేనే అందరికీ చెప్తుంటా, అయినా సంతోషం సంతోషమే.

కానీ గీత బాగుపడితే చెయ్యి బాగుపడినట్టు కాదు. ఆస్ట్రేలియాలో అయోనా నోవాక్, తోటివాళ్ళు కలిసి సీపీ చికిత్సల మీద ఉన్న పరిశోధనలన్నీ జల్లెడ పట్టి 2013లో, మళ్ళీ 2020లో ట్రాఫిక్ సిగ్నల్ రంగులు వేసి పెట్టారు. పచ్చ పడింది దేనికయ్యా అంటే, పిల్లాడికి కావాల్సిన పనిని ఆ పనిగానే పదేపదే చేయించడం, రెండు చేతులూ కలిపి చేయించడం, మంచి చేతిని కాసేపు కట్టేసి బలహీనమైనదాన్ని వాడించడం, ఇలాంటివాటికి. ఊరికే పడుకోబెట్టి మనం సాగదీసేదానికి పచ్చ రాలేదు. మన ఊళ్ళల్లో ఇప్పటికీ సెషన్ అంటే ముప్పావు గంట సాగదీసి, నాలుగు నిమిషాలు కరెంటు పెట్టి, రేపు రండి అనడం. నాకు ఒళ్ళు మండుతుంది గానీ, ఒక్కో ఫిజియోకి రోజుకి అంతమంది పిల్లలుంటే ఏం చేస్తారు అని కూడా అనిపిస్తుంది.

వాడికి కావాల్సింది అడిగాం: బ్యాట్ రెండు చేతుల్తో పట్టుకోవాలి, ఒంటి చేత్తో ఆడుతుంటే వీధిలో బ్యాటింగ్ ఇవ్వట్లేదంట, ఫీల్డింగ్ మాత్రమే. అందుకని గేట్లు సగం సమయమే, మిగతా సగం బ్యాటు. హ్యాండిల్‌కి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లావు చేశాం, ముంజేతి పట్టీ అలాగే ఉంచి కుడి చెయ్యి కింద, ఎడం చెయ్యి పైన. మొదటి వారం బంతి తగలగానే కుడి చెయ్యి జారిపోయేది. ఇప్పుడు ప్లాస్టిక్ బంతికి నిలుస్తోంది, టెన్నిస్ బంతికి ఇంకా లేదు.

జూన్ చివర, ఒక పక్క మాట

గుంటూరు కొత్తపేట నుంచి ఒక తండ్రి వచ్చాడు, పాపకి సీపీ, నడవదు. ఎక్కడో స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లు వేస్తామన్నారంట, పొలం బేరం పెట్టాడు. కూర్చోబెట్టి చెప్పా, దేశంలో వైద్య పరిశోధనలు చూసే ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో స్టెమ్ సెల్స్‌ని చికిత్సగా ఒప్పుకున్నది రక్తం జబ్బుల్లాంటి కొన్ని ఎంచిన జబ్బులకి చేసే రక్త మూలకణ మార్పిడికే, మిగతాది ఏదైనా అనుమతి ఉన్న ట్రయల్‌లోనే చెయ్యాలి, ట్రయల్‌లో పేషెంటు దగ్గర డబ్బులు తీసుకోకూడదు. డబ్బులు అడిగారంటేనే అది ట్రయల్ కాదు అన్నా. దానికి బదులు తుంటి ఎక్స్‌రే తీయించమన్నా, నడవని సీపీ పిల్లల్లో తుంటి కీలు నెప్పి లేకుండా మెల్లగా పక్కకి జారుతుంది, బయటికి కనిపించేసరికి ఆలస్యమవుతుంది. దక్షిణ స్వీడన్‌లో 1994 నుంచి సీపీ పిల్లలందరినీ క్రమంగా చూస్తూ వచ్చి కీలు ఊడిపోవడాన్ని దాదాపు లేకుండా చేశారు. వాడిన ఆయుధం ఎక్స్‌రే, కొలత, టైముకి ఆపరేషన్, అంతే. పొలం అమ్మొద్దు అని రెండుసార్లు చెప్పా. ఏం చేశాడో తెలీదు.

జూలై, సీటు

రెండో వస్తువు. ఇందులో నా అసలు భాగస్వామి ఆటోనగర్ అన్న. లారీ బాడీలు కట్టేవాడు, బాడీ పైనుంచి పడ్డాడు, డీ10 (వీపులో పదో లెవెల్) దగ్గర వెన్నుపాము పూర్తిగా దెబ్బతింది, బొడ్డు కింద స్పర్శ లేదు. ఒకసారి పిర్ర ఎముక దగ్గర పుండు పడి నెలల తరబడి బోర్లా పడుకోవాల్సి వచ్చింది, ఆ సంగతి ఆయన చెప్పడు, వాళ్ళావిడ చెప్తారు.

మనం కూర్చుని పుస్తకం చదువుతూ మనకి తెలీకుండానే ఇటూ అటూ కదులుతాం. స్పర్శ లేనివాళ్ళకి ఆ కదలిక ఉండదు. ఎముకకీ సీటుకీ మధ్య నలిగిన చోట రక్తం ఆగి, చర్మం కన్నా ముందు లోపలి కండ చస్తుంది. 1944లో ఇంగ్లండ్‌లో స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ గారు వెన్నుపాము వార్డు మొదలుపెట్టినప్పుడు ఈ పుళ్ళు, యూరిన్ ఇన్‌ఫెక్షన్లతోనే పేషెంట్లు పోయేవాళ్ళు, ఆయన చేయించింది రాత్రీ పగలూ రెండు గంటలకోసారి పక్క మార్చడం. పారాలింపిక్స్‌కి మూలం కూడా అదే ఆసుపత్రిలో 1948లో పెట్టిన పోటీలు, అది అందరికీ తెలుసు, పక్క మార్చిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

వీల్‌చైర్‌లో మామూలుగా చెప్పేది, పావుగంటకో అరగంటకో చేతుల మీద ఒళ్ళు పైకి లేపమని. ఎంతసేపు లేపగలరు? పది సెకన్లు, ఇరవై. 2003లో కాగ్రేవ్, రోజ్ అనే ఇద్దరు కొలిచి చూస్తే నలిగిన చోట ఆక్సిజన్ మళ్ళీ మామూలుకి రావడానికి సగటున 1 నిమిషం 51 సెకన్లు పట్టింది. చేతుల మీద అంతసేపు ఎవరు ఉంటారు, భుజాలు అరిగిపోతాయి. దానికన్నా ముందుకి వాలి మోచేతులు టేబుల్ మీద పెట్టి రెండు నిమిషాలు ఉండటం మేలు. కాబట్టి మా షీటు లెక్కపెట్టేది ఎన్నిసార్లు లేచారు అని కాదు, ఎముక కింద బరువు ఎంతసేపు తగ్గి ఉంది అని. పది సెకన్లు లేపితే టైమర్ జీరో అవ్వదు. అన్నకి మొదట్లో ఇది నచ్చలేదు, "లేచానుగా, ఇంకా ఏంటి దీని గోల" అన్నాడు.

షీటు వెలోస్టాట్‌తో చేశాం, నల్ల ప్లాస్టిక్ కవరులా ఉంటుంది, నొక్కితే దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. రెండు వైపులా రాగి టేపు గళ్ళు. దీని జబ్బేంటంటే ఒకే బరువు అలాగే ఉన్నా రీడింగ్ గంటసేపు జారుతూ పోతుంది. కాబట్టి ఇంత కిలోల ఒత్తిడి అని చెప్పడానికి ఇది పనికిరాదు, చెప్పం కూడా. ఇందాకటికన్నా ఎంత తగ్గింది అనేదానికి బాగానే పనికొస్తుంది, మాకు కావాల్సిందీ అదే. రాగి టేపు మడతల దగ్గర చిట్లిపోతుంటే సన్నటి వైరుకి మారాం, అంచులూ కుట్లూ ఎముక కిందికి రాకుండా చూసుకున్నాం, పుండు రాకుండా ఆపే వస్తువే పుండు పెడితే ఇంకేముంది. యూరిన్ లీకైతే సెన్సార్ పోతుంది కాబట్టి పల్చటి పాలిథిన్ తొడుగు, దాని పైన కాటన్. రెక్సిన్ వద్దన్నది అన్నే, లారీ సీట్ల అనుభవం, చెమట పడితే ఒళ్ళు నానుతుంది అని.

ఇక కుషన్. గాలి గదుల కుషన్ కొనాలంటే రెండు మూడు నెలల పింఛను పట్టుకుపోతుంది, అదీ 2024 జూలై నుంచి పూర్తిగా వీల్‌చైర్‌కో మంచానికో పరిమితమైనవాళ్ళకి ఇచ్చే 15,000 వచ్చేవాళ్ళకి, 6,000 వచ్చేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. అన్న ఆటోనగర్‌లో సీట్లు కుట్టే వాళ్ళ దగ్గర రెండు రకాల ఫోమ్ తెప్పించాడు, కింద గట్టిది, పైన మెత్తది. వీల్‌చైర్ గుడ్డ సీటు ఉయ్యాల్లా దిగిపోయి తొడలు లోపలికి తిరిగిపోతున్నాయని ముందు దాని మీద ప్లైవుడ్ వేశాడు. ఫోమ్ సరిపోయిందో లేదో చూడ్డానికి చెయ్యే మీటరు: మనిషి కూర్చున్నాక కుషన్‌కీ పిర్ర ఎముకకీ మధ్య అరచెయ్యి పెట్టి, ఎముక కింద ఇంకా ఓ అంగుళం మెత్తదనం ఉందా, లేక నేరుగా చెక్కకి తగులుతోందా చూడటం. మొదటి ఫోమ్ తగిలేసింది. రెండోది నిలిచింది, అదైనా ఏడాది దాటితే చచ్చుబడుతుంది, తేదీ మార్కర్‌తో రాసి పెట్టాం.

ఆగస్టు

గుర్తు చేసే మోటారు ఎక్కడ పెట్టాలి అన్నదాని మీద పెద్ద చర్చ. బజర్ అన్న ఒప్పుకోలేదు, "పెళ్ళిలో కూర్చుంటే కీకీమని మోగుతుందామ్మా, అందరూ నా సీటు వంకే చూడాలా". వైబ్రేషన్ సరే. మా కుర్రాడు నీట్‌గా ఉంటుందని సీటు లోపలే పెడదామన్నాడు. అన్న ఒక్క నిమిషం వాణ్ణి చూసి, "పెట్టు తమ్ముడూ, నాకైతే తెలీదు, పక్కనున్నోళ్ళు చెప్తారులే" అన్నాడు. వాడికి అర్థమయ్యేసరికి గదిలో అందరం నవ్వుతున్నాం. ఇప్పుడు మోటారు చొక్కా జేబులో.

ఇంట్లో పెట్టి చూస్తే, పొద్దున బాగా వాలుతున్నాడు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా గీత కదలడం లేదు. షాపులో ఫోన్ రిపేర్లు చూసుకునే టైము అది, చేతిలో టంకం వేసే ఐరన్ ఉంటే ఎవరు వాలతారు. బల్ల ఎత్తు కాస్త తగ్గించి ముందుకి జరిపాక, ముందుకి వంగే పని చెయ్యడం వల్ల దానంతటదే చాలాసేపు బరువు తగ్గుతోంది. సెన్సార్ లేకపోతే ఈ మధ్యాహ్నం సంగతి మాకు ఎప్పటికీ తెలిసేది కాదు, కానీ తీర్చింది మాత్రం బల్లే.

షీటు ఉంది కదా అని రాత్రి అద్దంతో ఒళ్ళు చూసుకోవడం మానొద్దని వాళ్ళావిడకి గట్టిగా చెప్పా. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కితే తెల్లబడి మళ్ళీ రంగు రావాలి, రాకపోతే ఆ రోజుకి కూర్చోవడం బంద్. మన చర్మాల మీద ఎరుపు సరిగా కనపడదు కాబట్టి పక్క చోటుకన్నా వేడిగా, గట్టిగా ఉందా అని చేత్తో కూడా చూడాలి.

ఈ మధ్య అందరూ అడుగుతున్నది ఇంకోటి, "వెన్ను మీద కరెంటు పెడితే నడుస్తారంట కదా మేడం". వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. ఉన్నది ఉన్నట్టు చెప్తా. చర్మం మీద ఎలక్ట్రోడ్లతో వెన్నుపాముకి కరెంటు ఇచ్చి చేసిన పెద్ద ట్రయల్ అప్-లిఫ్ట్, 2024లో వచ్చింది, మోరిట్జ్ గారే ముందున్నారు. 60 మంది, అందరూ మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్ళే, చూసింది చేతుల పని, నడక కాదు. బలంలోనూ పనిలోనూ మెరుగు కనిపించింది 72 శాతం మందిలో, అదీ రెండు నెలలు ముందు మామూలు థెరపీ, తర్వాత రెండు నెలలు కరెంటుతో కలిపి థెరపీ చేశాక. కరెంటు పెట్టుకుని పడుకుంటే వచ్చింది కాదు. తెనాలి అబ్బాయికి మాత్రం ఆశ పెట్టుకోవచ్చనే చెప్పా, అందాకా ఆ చేతుల కీళ్ళు గట్టిపడకుండా, టెనోడీసిస్ పట్టు పోకుండా కాపాడుకుంటే అది వచ్చేనాటికి పనికొస్తాయి.

సెప్టెంబర్, ఇప్పటికి

ఆట పెట్టెలు ఇళ్ళకి పంపడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. ఏడేళ్ళు దాటిన పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు, పిల్లాడు కూడా సరే అనాలి, మా సింగ్‌నగర్ వాడు సరే అనే ముందు షరతు పెట్టాడు, 70 గేట్లూ ఎత్తితే నీళ్ళు ఊరి మీదకి రాకుండా ఆటలో కట్ట ఎత్తు పెంచమని. పెంచాం.

సీటు షీటు ఇంకో ముగ్గురికి తయారవుతోంది. అన్న చూసి రెండు మార్పులు చెప్పాడు. బ్యాటరీ పెట్టె వెనక సీటు కింద ఉంది, వీల్‌చైర్‌లో కూర్చున్న మనిషికి అది అందదు, ఛార్జింగ్ పెట్టడానికి రోజూ ఇంకొకరిని పిలవాలి, దాన్ని ముందు ఎడం చక్రం పక్కకి తేవాలి. ఇంకా పిన్ను టైప్-సీ చెయ్యాలి, ఇంట్లో అందరి ఫోన్లకీ అదే ఉంది కాబట్టి. కుర్రాడు పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మళ్ళీ గీస్తున్నాడు, వచ్చే వారం ఆర్డర్ పెడతాం.